క్రాలర్ ఛాసీకి ఎన్ని ఎం.ఎం. రేకు?

మాది అల్యూమినియం కిటికీల పని. తిరుపతి రేణిగుంట రోడ్డులో షెడ్డు. స్లైడింగ్ కిటికీలు, ఆఫీసు పార్టిషన్లు, బాత్రూం తలుపులు చేసి బతుకుతున్నాం. ఆర్.సి. క్రాలర్ల పిచ్చి, అంటే రిమోట్‌తో నడుస్తూ బండలెక్కే చిన్న బండ్ల పిచ్చి, మా అక్క కొడుకు అంటించాడు. వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇప్పుడు వాడి స్నేహితులు, వాళ్ల జూనియర్లు కూడా షెడ్డుకొచ్చి, మూలన పడేసిన సెక్షన్ ముక్కలు ఏరుకుంటూ ఒకటే ప్రశ్న వేస్తుంటారు: "అన్నా, ఛాసీకి ఎన్ని ఎం.ఎం. రేకు కొనాలి?"

దీనికి ఒక్క అంకె చెప్పి పంపేయొచ్చు. 3 ఎం.ఎం. అల్యూమినియం అంటే పెద్దగా తప్పేమీ కాదు, బండి నడుస్తుంది. కానీ అక్కర్లేని చోట బరువు మోస్తుంది, కావాల్సిన చోట వంగుతుంది. ఛాసీలో ఒక్కో ముక్కది ఒక్కో పని, కాబట్టి ఒక్కోదానికి ఒక్కో మందం. నా వరకు మందం చివర్న తేల్చే విషయం. ముందు ఆ ముక్క ఎటువైపు వంగబోతోంది, తర్వాత దానికి ఏ స్క్రూ ఎలా పడుతుంది, ఈ రెండూ తెలిస్తే మందం దానంతటదే తేలుతుంది.

ఏ బండి గురించి చెబుతున్నానో ముందే అనుకుందాం. 1/10 స్కేలు క్రాలర్, అంటే అసలు బండిలో పదో వంతు కొలత. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 300 నుంచి 325 ఎం.ఎం. ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10 టూ బండికి ఇది 313, ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 డిఫెండర్‌కు 324. బ్యాటరీతో కలిపి బరువు రెండు నుంచి మూడు కిలోలు. మనిషి నడకంత వేగం కూడా ఉండదు. రేసు కార్లలా ఎగిరి దూకే పని లేదు కాబట్టి దెబ్బల లెక్క వేరే. ఇక్కడ ఛాసీని చంపేది రెండే. ఒక చక్రం బండల మధ్య ఇరుక్కున్నాక మోటారు ఆగకుండా తిప్పుతుంటే వచ్చే మెలి ఒకటి, బండ మీద నుంచి వెల్లకిలా పడటం ఇంకోటి. పడటానికి నేను బండి బరువుకు మూడు రెట్లు లెక్క కట్టుకుంటాను. మూడు కిలోల బండి అయితే తొమ్మిది కిలోలు.

పడుకోబెట్టాలా, నిలబెట్టాలా

చిన్నపిల్లల ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. బల్లపరుపుగా పట్టుకుంటే విల్లులా వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వంచమంటే ఎవరి వల్లా కాదు. స్కేలు అదే, మందమూ అదే. ఛాసీ గురించి తెలియాల్సిన దాంట్లో సగం ఇక్కడే ఉంది.

లెక్కగా చెప్పాలంటే, దీర్ఘచతురస్రపు ముక్క ఎంత బిగువుగా ఉంటుందో తెలియాలంటే వెడల్పును వంగే దిశలోని మందం ఘనంతో గుణించి 12తో భాగించాలి. ఘనం అన్నది గుర్తుంచుకోండి. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లు. 2 నుంచి 3 ఎం.ఎం.కు పోతే దాదాపు 3.4 రెట్లు. 2 నుంచి 2.5కు పోయినా దాదాపు రెట్టింపే. అందుకే "అర ఎం.ఎం. తేడాకు ఏమవుతుంది లే అన్నా" అంటే నేను ఒప్పుకోను.

అంకెలు చూడండి. 60 ఎం.ఎం. వెడల్పు అల్యూమినియం రేకును 300 ఎం.ఎం. ఎడంగా ఉన్న రెండు ఆధారాల మీద పడుకోబెట్టి, నడిమధ్యన మూడు కిలోలు వేలాడదీశామనుకోండి. 2 ఎం.ఎం. రేకు ఆరు ఎం.ఎం. కుంగుతుంది. 3 ఎం.ఎం. రేకు 1.8 కుంగుతుంది. 4 ఎం.ఎం. అయితే 0.75. ఇప్పుడు ఆ రేకును పక్కన పెట్టి, 20 ఎం.ఎం. ఎత్తు, 2 ఎం.ఎం. మందం ఉన్న పట్టీలు రెండు నిలబెట్టి అదే బరువు వేలాడదీయండి. 0.1 ఎం.ఎం. కూడా కుంగదు. 3 ఎం.ఎం. రేకు అడ్డకోత 180 చదరపు ఎం.ఎం. ఉంటే రెండు పట్టీలదీ కలిపి 80. సగం కంటే తక్కువ లోహంతో దాదాపు ఇరవై రెట్ల బిగువు వస్తోంది. అసలు లారీ ఛాసీ కూడా నిలువు సి-ఛానెళ్లే కదా. ఇంటర్నెట్‌లో చూసి ఒక పెద్ద పలకకు అన్నీ బిగించే పద్ధతి మన కుర్రాళ్లకు ఎందుకంత నచ్చుతుందో నాకు అర్థం కాదు. కోయడం సులువు, అంతే.

అయితే నిలబెట్టిన పట్టీకి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, పక్కకు వంగుతుంది. 20 × 2 పట్టీ నిలువుగా ఎంత బిగువో, అడ్డంగా అందులో నూరో వంతే. అందుకని రెండు పట్టీలనూ కలిపే అడ్డ ముక్కలు వంద ఎం.ఎం.కు ఒకటి చొప్పునైనా ఉండాలి. స్కిడ్ ప్లేటు (బండి పొట్ట కింది పలక), సర్వో మౌంటు (ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారును పట్టుకునే ముక్క), బ్యాటరీ ట్రే ఎలాగూ అడ్డంగానే వస్తాయి కాబట్టి వాటినే ఆ పనికి వాడుకోవచ్చు. అడ్డ ముక్కలు పెట్టడానికి జాగా లేకపోతే పట్టీ మందం 3కు పెంచండి, పక్కబిగువు 3.4 రెట్లవుతుంది. లేదా సి-ఛానెల్ తీసుకోండి. 20 × 10 సి-ఛానెల్ 1.5 ఎం.ఎం. మందంలో దొరికితే, 20 × 2 ఉత్త పట్టీ కంటే నిలువుగా 2.4 రెట్లు బిగువు, బరువు మాత్రం 1.4 రెట్లే. పక్కకు వంగడం కూడా బాగా తగ్గుతుంది.

రెండోది మెలి. ఈ బండికి ముందు ఇరుసు ఒకవైపు, వెనక ఇరుసు ఇంకోవైపు వాలాలి. ఆ వాలు సస్పెన్షన్‌లో జరగాలి గానీ ఛాసీలో కాదు. ఛాసీయే మెలి తిరిగితే షాకుల సెట్టింగు ఎంత మార్చినా ఫలితం కనిపించదు. మోటారు లాగినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి ఒక చక్రం లేస్తుంది, కారణం ఎక్కడుందో దొరకదు. రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుని తడిబట్ట పిండినట్టు తిప్పి చూడండి. కంటికి తెలిసేంత తిరిగితే రేకు మందం పెంచకండి. అడ్డ ముక్కలను ఒక్కో స్క్రూతో కాకుండా ఒక్కో వైపు రెండు స్క్రూలతో బిగించండి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.

మన ఊళ్లో ఏం దొరుకుతుంది

విదేశీ వీడియోల్లో 6061-టీ6 అనే అల్యూమినియం రకం చెబుతారు. అది మంచి సరుకే, కాదనను. చెన్నై పారిస్ కార్నర్ దాకా పోతే దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ ముక్కలుగా అమ్ముతున్నారు. కానీ మా లాంటి కిటికీల షాపుల్లో వృథాగా పడుండే సెక్షన్లు 6063. బలంలో 6061 కంటే తక్కువ, బిగువులో రెండూ ఒకటే. ఈ సంగతి చాలామందికి తెలియదు. అల్యూమినియంలో ఏ రకమైనా అదే మందానికి దాదాపు ఒకేలా కుంగుతుంది. తేడా ఎక్కడంటే, బరువు తీశాక మళ్లీ నిటారుగా వస్తుందా, వంకరగా ఉండిపోతుందా అన్న దాంట్లో. పాత్రల కోసం, డబ్బాల కోసం అమ్మే మెత్తటి రేకు చేత్తో వంచితే వంగి అలాగే ఉండిపోతుంది. అది ఛాసీకి పనికిరాదు. బ్యాటరీ ట్రేకు సరిపోతుంది. షాపులో ఏ గ్రేడో చెప్పకపోతే, మూలన కొద్దిగా వంచి చూడండి. వెనక్కి స్ప్రింగులా వస్తే తీసుకోండి, మైనంలా వంగితే వదిలేయండి.

తిరుపతిలో హోటళ్లకు, లాడ్జిలకు లోటు లేదు కాబట్టి స్టీలు కిచెన్ సామాను చేసే షెడ్లకూ లోటు లేదు. వాళ్ల దగ్గర 1 ఎం.ఎం., 1.2 ఎం.ఎం., 1.5 ఎం.ఎం. ఎస్.ఎస్. ముక్కలు కాటా లెక్కన దొరుకుతాయి. పైగా వాళ్ల దగ్గర వంచే మిషన్ ఉంటుంది, సి-ఛానెల్ వంచించుకోవచ్చు. స్టీలు బిగువు అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు, బరువూ దాదాపు మూడు రెట్లే. అంటే నిలువు పట్టీల దగ్గర రెండింటికీ చెల్లు. కానీ పడుకోబెట్టిన రేకు దగ్గర అల్యూమినియం సులువుగా గెలుస్తుంది. 1 ఎం.ఎం. స్టీలు బరువుకు 2.9 ఎం.ఎం. అల్యూమినియం వస్తుంది, మందం ఘనమవుతుంది కాబట్టి అది ఎనిమిది రెట్లకు పైగా బిగువు. స్టీలు వాడితే సన్నగా తీసుకుని అంచులు వంచి వాడాలి, చదునుగా కాదు.

గేజి లెక్కతో జాగ్రత్త. మన దగ్గర పాత షాపుల్లో ఇంకా గేజిల్లోనే మాట్లాడతారు. బ్రిటిష్ లెక్కలో 18 గేజి అంటే 1.2 ఎం.ఎం., 16 అంటే 1.6, 14 అంటే 2 ఎం.ఎం. పై మాటే. అంకె పెరిగితే మందం తగ్గుతుంది. అమెరికా వీడియోలో 16 గేజి అల్యూమినియం అంటే అది 1.3 ఎం.ఎం. మాత్రమే, వాళ్ల స్టీలు 16 గేజి ఇంకో మందం. కాబట్టి గేజి మాట ఎవరు చెప్పినా తల ఊపి, జేబులోంచి మందం కొలిచే వెర్నియర్ తీయండి. ఒక షాపులో 2 ఎం.ఎం. అని నాకు అంటగట్టబోయిన రేకు కొలిస్తే 1.8 ఉంది. ఆ 0.2 తేడాకే పావు వంతుకు పైగా బిగువు పోతుంది.

సైన్‌బోర్డు వాళ్ల దగ్గర ఏసీపీ షీటు ముక్కలు ఉచితంగా దొరుకుతాయి. మూడు, నాలుగు ఎం.ఎం. మందం చూసి మోసపోకండి. పైనా కిందా ఉండేది కాగితం లాంటి అల్యూమినియం పొర, మధ్యలో ప్లాస్టిక్. స్క్రూ బిగిస్తే నలుగుతుంది, నాలుగు రోజులకు వదులవుతుంది. బాడీ లోపల డాష్‌బోర్డు, సీట్లు లాంటి అలంకారానికి బాగుంటుంది. యాక్రిలిక్ అసలు వద్దు, పడితే స్క్రూ రంధ్రం దగ్గర నుంచి చిట్లుతుంది. పాలికార్బనేట్ చిట్లదు, కానీ వంగుతుంది. ఇందాకటి లెక్కే 5 ఎం.ఎం. పాలికార్బనేట్ రేకుతో వేస్తే 11 ఎం.ఎం. పైగా కుంగుతుంది. నిలువు పలకలుగా 4 లేదా 5 ఎం.ఎం. పెట్టి తేలికైన బండికి వాడొచ్చు. దాన్ని సైన్‌బోర్డు వాళ్ల లేజర్‌తో కోయించకండి, అంచులు మాడి పసుపెక్కుతాయి. రూటర్ మిషనో హ్యాక్సా బ్లేడో వాడండి.

కార్బన్ ఫైబర్ 3 ఎం.ఎం. పలకలు పోటీ బండ్లకు వాడతారు. అదే కొలత అల్యూమినియంలో దాదాపు 60 శాతం బరువే ఉంటుంది. డబ్బులుంటే తీసుకోండి, కానీ కోసేటప్పుడు తడిపి కోయండి, మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంకోటి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఊడిన వైరు దానికి తగిలితే షార్ట్ అవుతుంది, రిసీవర్ యాంటెన్నా దాని చాటున పెడితే సిగ్నల్ తగ్గుతుంది.

త్రీడీ ప్రింటు ఛాసీ తెచ్చేవాళ్లకు ఒకే మాట. ఆ ప్రింటుకు వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. తిరుపతి మే నెల ఎండలో అద్దాలెత్తి పెట్టిన కారు లోపల ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. బండిని డిక్కీలో పెట్టి మధ్యాహ్నం భోజనానికి పోయొచ్చేలోపు ఛాసీ నడుము వంగిపోతుంది. మందం ఎంత పెంచినా వేడి ఆ మందానికి లొంగదు. పీఈటీజీ 80 దాకా, ఏబీఎస్ నూరు దాకా తట్టుకుంటాయి.

స్క్రూ చెప్పే మందం

ఈ సైజు బండికి అంతా ఎం3, అంటే 3 ఎం.ఎం. వ్యాసం స్క్రూలే. నిజం చెప్పాలంటే, సగం ముక్కల మందాన్ని బరువు కాదు, ఈ ఎం3 స్క్రూయే నిర్ణయిస్తుంది.

ఎం3 మర పిచ్, అంటే మరకూ మరకూ మధ్య ఎడం, అర ఎం.ఎం. 2 ఎం.ఎం. రేకుకు 2.5 బిట్‌తో రంధ్రం చేసి ట్యాప్ వేస్తే (రంధ్రం లోపల మర కోస్తే) పట్టేవి నాలుగు మరలే. అల్యూమినియంలో స్క్రూ వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు మర ఉండాలి, అంటే 4.5 నుంచి 6 ఎం.ఎం. అందుకని 3 ఎం.ఎం. లోపు రేకులో ట్యాప్ వేసే ఆలోచనే మానుకోండి. 3.2 బిట్‌తో రంధ్రం చేసి అవతల నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగు ఉండే నట్) వేయండి. ఛాసీ సన్నగా ఉన్నా పరవాలేదు, క్రాలర్ వణుకుకు కూడా ఊడదు. నట్టుకు జాగా లేని చోట మాత్రమే మందం పెంచి ట్యాప్ వేయాలి. అక్కడ కూడా రేకంతా మందం చేయక్కర్లేదు, వెనక ఒక చిన్న దిమ్మ పెడితే చాలు.

కింద వైపు కౌంటర్‌సంక్ స్క్రూలు వాడాలని అందరికీ ఉంటుంది, బండకు తగలకుండా తల రేకులో మునిగిపోతుంది కదా. ఎం3 కౌంటర్‌సంక్ తల లోతు 1.7 ఎం.ఎం. దగ్గర ఉంటుంది. 1.5 రేకులో ఆ గుంట తవ్వితే అవతలికి తూటు పడుతుంది, తల పట్టేందుకు లోహమే మిగలదు. 2 ఎం.ఎం. రేకులో అంచు కత్తిలా సన్నగా మిగులుతుంది, బిగిస్తే లోపలికి దిగిపోతుంది. కౌంటర్‌సంక్ కావాలంటే 2.5 కనీసం, 3 అయితే నిశ్చింత.

ఇక లింకులు, అంటే ఇరుసును ఛాసీకి కలిపే కడ్డీలు, బిగించే రంధ్రాలు. ఇరుసు నుంచి వచ్చే తోపుడంతా ఒక్క ఎం3 రంధ్రం మీద పడుతుంది. రేకు సన్నగా ఉంటే అది కొన్నాళ్లకు కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది. దీనికి మొత్తం పట్టీని 4 ఎం.ఎం. చేసేవాళ్లున్నారు. నేనైతే 2 ఎం.ఎం. పట్టీకి ఆ ఒక్క చోట 25 ఎం.ఎం. పొడవున్న ఇంకో 2 ఎం.ఎం. అతుకు వేసి, రెండు రివెట్లతో కలిపి, ఆ రెండింటిలోంచి రంధ్రం కొడతాను. బరువు ఆరు గ్రాములు కూడా పెరగదు. రంధ్రం నడిమి నుంచి రేకు అంచుకు కనీసం రెండు స్క్రూ వ్యాసాల దూరం, అంటే 6 ఎం.ఎం. వదలండి. నిలువు పట్టీలో రంధ్రాలన్నీ ఎత్తులో సరిగ్గా మధ్య గీత మీద వచ్చేలా చూసుకోండి. వంగేటప్పుడు లాగుడంతా పైఅంచు, కిందిఅంచు మీదే ఉంటుంది, మధ్య గీత దాదాపు ఖాళీగా ఉంటుంది. అక్కడ తూటు పడినా నష్టం తక్కువ. అంచు దగ్గర కొడితే అదే రంధ్రం పట్టీని సగం చంపేస్తుంది.

ముక్క ముక్కకూ

ఇప్పుడు అంకెలు. లాడర్ ఛాసీ, అంటే నిచ్చెనలా రెండు పొడవు పట్టీలు, మధ్యలో అడ్డ ముక్కలు ఉండే రకం అయితే పొడవు పట్టీలకు అల్యూమినియం ఉత్త పట్టీ 20 × 2, అడ్డ ముక్కలకు జాగా లేకపోతే 20 × 3, లేదా సి-ఛానెల్ 1.5. స్టీలైతే సి-ఛానెల్ 1.2 చాలు. ఎత్తైన పక్కపలకల ఛాసీ, అంటే బరువు కిందికి దింపే పోటీ రకం చేస్తుంటే, 60 ఎం.ఎం. ఎత్తు పలక అల్యూమినియంలో 2.5 లేదా 3. అంతకు మించి వద్దు. ఎత్తే దాని బలం, మధ్యలో కిటికీలు కోసి బరువు తీసేయండి. కోసే కిటికీల మూలలు మాత్రం గుండ్రంగా ఉండాలి. ముందు మూలల్లో 5 ఎం.ఎం. బిట్‌తో రంధ్రాలు చేసి ఆ రంధ్రాలను కలుపుతూ కోయండి. పదునైన మూల నుంచే పగులు మొదలవుతుంది, ఇది మా కిటికీ ఫ్రేముల్లోనూ చూస్తుంటాం.

సర్వో మౌంటు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఇక్కడ కుర్రాళ్లు అందరికంటే సన్న రేకు పెడతారు, "సర్వో అరచేతిలో పట్టేంతే కదా మామా" అంటాడు మావాడు. 20 కిలోల టార్క్ సర్వో అంటే, దాని కొమ్ము (తిరిగే చేయి) ఒక సెంటీమీటరు ఉంటే 20 కిలోల తోపుడు. మన కొమ్ము రెండు సెంటీమీటర్లనుకున్నా పది కిలోలు. బండి మొత్తం బరువుకు మూడు రెట్ల పైన. చక్రం రెండు బండల నడుమ ఇరుక్కున్నప్పుడు ఆ పది కిలోలూ మౌంటు మీదే పడతాయి. మౌంటు వంగితే చక్రం తిరగదు, సర్వో తిరిగిందని మనం అనుకుంటాం, రిమోట్‌ను తిట్టుకుంటాం. సర్వోను ఛాసీకి బిగిస్తుంటే 4 ఎం.ఎం. పలక, లేదా 25 × 25 యాంగిల్ 3 ఎం.ఎం. మందంలో పెట్టండి. యాంగిల్‌కు రెండు వైపులా రెక్క ఉంటుంది కాబట్టి నాకు అదే ఇష్టం. ఇరుసు పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డు బిగించే చోటు కూడా ఇదే కోవ.

షాకుల పైకొనను పట్టుకునే షాక్ టవర్లకు 3 ఎం.ఎం. షాకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తోపుడు పైకీ వస్తుంది, పక్కకూ వస్తుంది. రెండు టవర్ల తలలనూ ఒక అడ్డ కడ్డీతో కలిపితే 2 ఎం.ఎం. కూడా నిలబడుతుంది. బ్యాటరీ ట్రేకు 1 ఎం.ఎం. చాలు, రెండంచులూ అర సెంటీమీటరు పైకి వంచితే బిగుసుకుంటుంది. బంపర్ల మందం మీ ఇష్టం. వంగినా కొట్టి సరిచేసుకోవచ్చు.

స్కిడ్ ప్లేటు వేరే కథ. గేర్‌బాక్సు దాని మీద కూర్చుంటుంది, కింది లింకులు నాలుగూ దానికే బిగుస్తాయి, బండి పొట్ట బండ మీద జారేదీ దాని మీదే. ఇక్కడ లోహం వద్దంటాను. మన శేషాచలం పాదాల దగ్గర రాళ్లు క్వార్ట్‌జైట్. పలకలు పలకలుగా, అంచులు పదునుగా ఉంటాయి, అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు గట్టివి. అల్యూమినియం వాటిని కరుచుకుని ఆగిపోతుంది, జారదు. చంద్రగిరి వైపు గ్రానైట్ గుండ్లు గుండ్రంగా ఉంటాయి గానీ గరుకు ఎక్కువ, అక్కడా అంతే. ఎసిటాల్ ప్లాస్టిక్ 6 ఎం.ఎం. పలక దొరికితే మంచిది. దొరక్కపోతే వంటింట్లో కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ బోర్డు వాడండి, 8 లేదా 10 ఎం.ఎం. మందం. అది జారుతుంది, గీత పడుతుంది, ఇంకో నెలకు ఆకురాయితో సాపు చేస్తే కొత్తదవుతుంది. ప్లాస్టిక్‌లో మర నిలవదు కాబట్టి స్క్రూ ఆరపార పోయి అవతల నట్, వాషర్ పడాలి. బోర్డు కొత్తది కొనుక్కోండి, ఇంట్లోది తెస్తే నాకు సంబంధం లేదు.

రాళ్ల మాట వచ్చింది కాబట్టి, రిజర్వు ఫారెస్టు లోపలికి బండి పట్టుకుని పోకండి. అది బయోస్ఫియర్ రిజర్వు, పైగా ఎర్రచందనం గొడవల వల్ల ఫారెస్టు వాళ్లు ఎవరి చేతిలో పెట్టె ఉన్నా ఆపి అడుగుతారు. చంద్రగిరి కోట గోడల దగ్గర కూడా వద్దు. స్వర్ణముఖి ఎండిన ఇసుకలో, ఊరి బయట లేఅవుట్లలో తవ్వి పోసిన గుండ్ల మీద కావలసినంత చోటుంది.

బరువు ఎక్కడ పెడుతున్నాం

300 × 60 పక్కపలక 3 ఎం.ఎం. అల్యూమినియంలో 146 గ్రాములు. 2 ఎం.ఎం.లో 97. రెండు పలకలకూ కలిపి తేడా దాదాపు వంద గ్రాములు. మూడు కిలోల బండికి అదేమంత అనిపిస్తుంది గానీ, ఆ వంద గ్రాములు ఇరుసుల కంటే పైన ఉన్నాయి. ఏటవాలు ఎక్కేటప్పుడు బండి వెనక్కి తిరగబడేది ఇలాంటి పై బరువుల వల్లే. అదే వంద గ్రాములు ముందు చక్రాల లోపల ఇత్తడి రింగులుగా పెడితే బండి ఎక్కని బండ ఎక్కుతుంది. అందుకే పైన సన్నం, కింద మందం అని పట్టుకోండి. షాక్ టవర్ పైభాగం, బాడీ పోస్టులు, ట్రే, వీటిలో గ్రాము గ్రాము గీకండి. స్కిడ్ దగ్గర, ఇరుసుల దగ్గర లెక్క చూడకండి.

ఇటుకలు, నీళ్ల బాటిళ్లు

లెక్కలు నమ్మని వాళ్లకు ఇది. కొనబోయే రేకు ముక్కను ఛాసీ వెడల్పుకు కోసి, రెండు ఇటుకలను 300 ఎం.ఎం. ఎడంగా పెట్టి వాటి మీద ఉంచండి. మధ్యలో తాడు కట్టి నీళ్ల బాటిళ్లు వేలాడదీయండి. లీటరు నీళ్లు కిలో కాబట్టి కాటా అవసరం లేదు. బండి బరువంత వేసి స్కేలుతో కుంగు కొలవండి. 2 ఎం.ఎం. లోపు ఉంటే నాకు సమ్మతం. తర్వాత మూడు రెట్లు వేసి తీసేయండి. రేకు మళ్లీ సాపుగా వచ్చిందా, వంపు మిగిలిందా చూడండి. మొదటిది బిగువు పరీక్ష, రెండోది బలం పరీక్ష. మొదటి దాంట్లో ఫెయిలైతే ఆకారం మార్చండి, అంచు వంచండి, నిలబెట్టండి. రెండో దాంట్లో ఫెయిలైతే గ్రేడు మార్చండి లేదా మందం పెంచండి. దేనికి ఏ మందు అన్నది కలగాపులగం చేస్తే డబ్బులు దండగ.

దీనికి ముందు అట్టముక్కతో ఛాసీ మొత్తం ఒకసారి కోసి, ఇరుసులు, గేర్‌బాక్సు పెట్టి చూడటం తప్పనిసరి. అట్ట రూపాయి ఖర్చు లేనిది, రేకు అలా కాదు.

వంచేటప్పుడు, కోసేటప్పుడు

6061-టీ6 రేకును పదునుగా 90 డిగ్రీలు వంచితే బయటి వైపు పగులుతుంది. 2 ఎం.ఎం.కు లోపలి వంపు ఆరు ఎం.ఎం. వ్యాసార్థమైనా ఇవ్వాలి. వంపులు ఎక్కువుంటే 5052 రకం అడగండి, అది బాగా వంగుతుంది. రేకు మీద మిల్లు గీతలు సన్నగా కనిపిస్తాయి, వంపు వాటికి అడ్డంగా రావాలి, వాటి వెంబడి వంచితే పగిలే అవకాశం ఎక్కువ. కిటికీ సెక్షన్లు వంచే ప్రయత్నమే చేయకండి. కోసి, యాంగిల్ ముక్కతో కలపండి.

లేజర్‌కు ఇస్తే డ్రాయింగులో స్క్రూ రంధ్రాలు 3.2 కాకుండా 2.8 పెట్టించి, ఇంటికొచ్చాక 3.2 బిట్‌తో తిప్పుకోండి. లేజర్ రంధ్రం మొదలెట్టిన చోట చిన్న బుడిపె ఉంటుంది, బిట్ దాన్ని తీసేస్తుంది. హ్యాక్సాతో కోస్తే గీతకు ఒక ఎం.ఎం. బయటే కోసి ఆకురాయితో గీతకు తీసుకురండి. రెండు పక్కపలకలనూ జంటగా కలిపి వైస్‌లో బిగించి ఒకేసారి రంధ్రాలు కొట్టండి, లేకపోతే ఇరుసులు వంకరగా కూర్చుంటాయి.

చివరగా అంచులు. సన్న రేకు ఎంత సన్నమో అంత పదును. 1.2 స్టీలు అంచు లైపో బ్యాటరీ వైరు మీది రబ్బరును కొన్ని గంటల వణుకులో కోసేస్తుంది, ఆ వైర్లు రెండూ ఒకే రేకుకు తగిలితే పొగ వస్తుంది. అన్ని అంచులకూ ఆకురాయి పెట్టి, వైర్లు దాటే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క చీల్చి తొడిగి, ఫెవిక్విక్ చుక్క వేస్తాను.